రూటు ఖాళీగా ఉందా? ఖరగ్‌పూర్ యార్డు సాయంతో అర్రేలు, లూప్‌లు

హౌరా నుంచి విశాఖపట్నం వైపు బయలుదేరిన రైలు ఖరగ్‌పూర్ స్టేషన్‌లోకి రావాలంటే, ముందుగా అక్కడి యార్డులో దానికి ఒక దారి సిద్ధం కావాలి. ఆ దారిలోని పట్టాలు చిన్న చిన్న సెక్షన్లుగా విడగొట్టి ఉంటాయి. ప్రతి సెక్షనూ ఖాళీగా ఉందని తేలిన తర్వాతే సిగ్నల్ ఇస్తారు. ఏ ఒక్క సెక్షన్‌లో వ్యాగన్ నిలిచి ఉన్నా సిగ్నల్ ఎరుపులోనే ఉండిపోవాలి.

మాటల్లో చెబితే ఇది ఎంతో తేలిక. ప్రోగ్రాంగా రాసినా నాలుగైదు పంక్తులకు మించదు. అయినా ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవారు చాలామంది ఈ నాలుగైదు పంక్తులను ఒకే రకంగా తప్పు రాస్తారు. ఆ ప్రోగ్రాం ఎక్కడా ఆగిపోదు, ఎర్రర్ చూపించదు, చాలాసార్లు సరైన జవాబే ఇస్తుంది. వ్యాగన్ అడ్డంగా ఉన్నప్పుడు మాత్రం "దారి ఖాళీ" అంటుంది. అది ఎలా జరుగుతుందో తెలియాలంటే అర్రే అంటే ఏమిటో, లూప్ దాని మీద ఎలా నడుస్తుందో ముందు చూడాలి.

ఈ పాఠానికి ఖరగ్‌పూర్ తగిన చోటు. దేశంలో మొదటి ఐఐటీ 1951లో ఇక్కడే, బ్రిటిష్ కాలంనాటి హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైంది. ఆ ఐఐటీకి చెందిన ప్రొఫెసర్ అనుపమ్ బసు ఎన్‌పీటెల్‌లో చెప్పిన 'ప్రాబ్లమ్ సాల్వింగ్ త్రూ ప్రోగ్రామింగ్ ఇన్ సీ' కోర్సు ఇంజనీరింగ్ విద్యార్థులకు బాగా పరిచయం. ఊరికి మరోవైపు రైల్వే వర్క్‌షాపు, భారీ యార్డు, వాటి చుట్టూ రైల్వే కాలనీలు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల వారు పనికోసం వచ్చి స్థిరపడడంతో ఈ కాలనీల్లో తెలుగు బాగా వినిపిస్తుంది. 2017లో ఇక్కడి పాత రూట్ రిలే వ్యవస్థ స్థానంలో ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వచ్చింది. అందులో 800 రూట్లు ఉన్నాయి.

ఈ వ్యాసంలోని ప్రోగ్రాంలన్నీ తెలుగు మాటల్లోనే ఉన్నాయి. సీ, జావా, పైథాన్‌లలో దేనిలోకి మార్చుకున్నా తర్కం మారదు.

వరుసగా పెట్టిన గదులు

ఒక తరగతిలో అయిదుగురి మార్కులు దాచాలంటే అయిదు వేరియబుల్స్ పెట్టుకోవచ్చు. అయిదు వందల మందివైతే? అప్పుడు అయిదు వందల పేర్లు కావాలి, కూడిక పంక్తి పేజీలకు పేజీలు సాగుతుంది. అర్రే ఈ ఇబ్బంది తీరుస్తుంది. ఒకే రకం విలువలను మెమరీలో పక్కపక్కన ఉంచి, మొత్తానికి ఒకే పేరు పెట్టి, ఒక్కో గదిని దాని సంఖ్యతో పిలవడమే అర్రే. ఆ సంఖ్యను ఇండెక్స్ అంటారు.

సీ, జావా, పైథాన్ భాషల్లో ఇండెక్స్ 0తో మొదలవుతుంది. విద్యార్థులను ఇది మొదట్లో చికాకు పెడుతుంది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం మీద నిలబడి ఆలోచిస్తే ఆ చికాకు సగం పోతుంది. 1072.5 మీటర్ల పొడవున్న ఆ ప్లాట్‌ఫాం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటాయి. ఆ ప్లాట్‌ఫాం మీద ఒక రేక్ ఆగిందనుకోండి. ఒక్కో ఎల్‌హెచ్‌బీ బోగీ పొడవు సుమారు 24 మీటర్లు. మొదటి బోగీ ఎక్కడ మొదలవుతుంది? రేక్ మొదలు నుంచి 0 మీటర్ల దూరంలో. రెండోది 24 మీటర్ల దగ్గర, మూడోది 48 దగ్గర. అంటే బోగీ మొదలయ్యే చోటు = రేక్ మొదలు + ఇండెక్స్ × 24. ఇక్కడ ఇండెక్స్ చెబుతున్నది 'ఎన్నోది' అని కాదు, 'ముందు ఎన్ని ఉన్నాయి' అని. మొదటి బోగీకి ముందు బోగీలేవీ లేవు కాబట్టి దాని ఇండెక్స్ 0.

కంప్యూటర్ చేసేది ఇదే లెక్క. నాలుగు బైట్ల పూర్ణాంకాల అర్రే 1000వ చిరునామా దగ్గర మొదలైతే, ఇండెక్స్ 7 ఉన్న గది చిరునామా 1000 + 7 × 4, అంటే 1028. ముందున్న ఏడు గదులను వెతుక్కుంటూ వెళ్లనక్కర్లేదు. ఒక గుణకారం, ఒక కూడిక చాలు. పది లక్షల గదులున్నా ఏ గదిని చేరుకోవడానికైనా పట్టేది అదే పని.

రైల్వే బెర్తులకు మాత్రం 1 నుంచి నంబర్లు ఉంటాయి. అందువల్ల 80 బెర్తుల స్లీపర్ బోగీని అర్రేగా రాస్తే బెర్తు నంబరు ఇండెక్స్ కంటే ఒకటి ఎక్కువగా ఉంటుంది. కొందరు 81 గదులు తీసుకుని 0వ గదిని ఖాళీగా వదిలేస్తారు. ఇందులో తప్పేమీ లేదు, ఒక గది వృథా అవుతుంది అంతే. ఒకే ప్రోగ్రాంలో సగం చోట్ల ఒక పద్ధతి, సగం చోట్ల మరో పద్ధతి వాడితేనే తిప్పలు మొదలవుతాయి.

బోగీ వెంట నడిచే టీటీఈ

ఎం.ఎస్. ధోనీ క్రికెట్‌లో పేరు తెచ్చుకోక ముందు, 2001–2003 మధ్య, ఖరగ్‌పూర్‌లో రైల్వే టికెట్ ఎగ్జామినర్‌గా పనిచేశారు. ఆ ఉద్యోగంలో రోజూ చేసే పని అచ్చంగా లూప్. చేతిలో చార్టు ఉంటుంది. మొదటి బెర్తు దగ్గర ఆగడం, టికెట్ చూడడం, చార్టులో టిక్కు పెట్టడం, తర్వాతి బెర్తుకు వెళ్లడం, చివరి బెర్తు దాటగానే ఆపడం. చార్టు అర్రే అయితే, ఆ నడక లూప్. ఎవరైనా వచ్చి "ఇప్పటివరకు ఎన్ని ఖాళీలు?" అని అడిగితే చెప్పగలిగేలా మనసులో పెట్టుకునే అంకె ఒకటి ఉంటుంది. లూప్‌లో అన్నిటికంటే ముఖ్యమైనది ఆ అంకే. ప్రోగ్రాంలో దాన్ని లూప్ బయట ఒక వేరియబుల్‌గా ఉంచుతారు.

ఖాళీ బెర్తులను లెక్కించే ప్రోగ్రాం ఇలా ఉంటుంది. బెర్తు[ఐ] విలువ 0 అయితే ఖాళీ, 1 అయితే ప్రయాణికుడు ఉన్నట్టు.

లెక్క = 0
ఐ = 0; ఐ < 80 ఉన్నంతవరకు; ప్రతి చుట్టు చివర ఐ = ఐ + 1:
    బెర్తు[ఐ] = 0 అయితే, లెక్క = లెక్క + 1
లెక్క చూపించు

'లెక్క = 0' అనే పంక్తి లూప్ బయట ఉంది. పొరపాటున లోపల రాస్తే ప్రతి బెర్తు దగ్గరా పాత లెక్క చెరిగిపోతుంది. చివరికి మిగిలేది 0 లేదా 1, అదీ 80వ బెర్తును బట్టి. 'చూపించు' అనే పంక్తిని లోపల రాస్తే తెర మీద 80 అంకెలు వస్తాయి. పంక్తుల్లో ఒక్క మాటా మారలేదు, వాటి చోటు మాత్రమే మారింది.

అన్నట్టు, రైల్వేలో 'లూప్ లైన్' అన్న మాటకూ దీనికీ సంబంధం లేదు. మెయిన్ లైన్ నుంచి పక్కకు చీలి, మళ్లీ అదే లైన్‌లో కలిసే పట్టా లూప్ లైన్. ఒక రైలును పక్కన నిలిపి మరో రైలును ముందుకు పంపడానికి అది ఉంటుంది. ప్రోగ్రాంలోని లూప్ మాత్రం అదే చోటికి మళ్లీ మళ్లీ వస్తుంది.

చివరి బోగీ దాటితే

ఇరవై నాలుగు బోగీల రైలులో బోగీల మధ్య కప్లింగులు ఎన్ని? తొందరలో 24 అనేవారు ఎక్కువ. సరైన జవాబు 23. ఇలా ఒకటి ఎక్కువ లేదా ఒకటి తక్కువగా లెక్కించే పొరపాటు ప్రోగ్రామింగ్‌లో ఎప్పుడూ ఎదురవుతూనే ఉంటుంది. పై ప్రోగ్రాంలో ఐ < 80 బదులు ఐ ≤ 80 అని రాస్తే లూప్ 81 సార్లు తిరుగుతుంది. చివరి చుట్టులో బెర్తు[80] కావాలంటుంది. అలాంటి గది లేదు, ఉన్న గదులు 0 నుంచి 79 వరకే.

అప్పుడేమవుతుందన్నది భాషను బట్టి ఉంటుంది. పైథాన్, జావా వెంటనే ఎర్రర్ చూపించి ఆపేస్తాయి. సీ అలా ఆపదు. అర్రే మొదలు + 80 × 4 అని చిరునామా లెక్క కట్టి, అక్కడ మెమరీలో ఏముంటే అది తెచ్చి ఇస్తుంది. అక్కడ వేరే వేరియబుల్ ఉండవచ్చు, అర్థంలేని అంకె ఉండవచ్చు. ఒక్కోసారి అక్కడ 0 ఉండి, ఫలితం ఒకటి ఎక్కువగా వచ్చి, ఎవరికీ అనుమానమే రాకపోవచ్చు. చదవడం బదులు రాయడమే జరిగితే పక్కనున్న మరో విలువ నిశ్శబ్దంగా పాడైపోతుంది. కాలేజీ ల్యాబ్‌లో నిన్న నడిచిన ప్రోగ్రాం ఇవాళ వింత జవాబు ఇస్తోందంటే, చాలాసార్లు కారణం ఇదే.

ఈ సమస్య విద్యార్థులకు మాత్రమే పరిమితం కాదు. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం కూడా ఈ కోవదే. ఇంటర్నెట్‌లో రహస్య సమాచారాన్ని కాపాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో, అవతలి కంప్యూటర్ "నేను పంపిన సందేశం పొడవు ఇంత" అని చెబితే దాన్ని సరిచూడకుండా నమ్మే కోడ్ ఉండేది. నాలుగు బైట్లు పంపి అరవై వేల పైచిలుకు అని చెబితే, సర్వర్ తన మెమరీలో ఆ పక్కనున్నదంతా, ఒక్కోసారికి 64 కిలోబైట్ల వరకు, తిరిగి పంపేసేది. అందులో పాస్‌వర్డులు, రహస్య కీలు ఉండే అవకాశం ఉంది.

హద్దులు చూడాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. బ్రిటిష్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1960ల్లో ఎలియట్ కంపెనీ కోసం తయారుచేసిన ఆల్గాల్ 60 కంపైలర్, ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు ప్రతి ఇండెక్స్‌నూ పరీక్షించేది. దీనివల్ల వేగం కొంత తగ్గుతుంది. కొన్నేళ్ల తర్వాత, ఈ పరీక్షను ఆపేసుకునే సదుపాయం కావాలా అని వినియోగదారులను అడిగితే, వద్దే వద్దన్నారని ఆయన 1980 నాటి ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో చెప్పారు. అసలు పనిలో ఇలాంటి తప్పులు ఎన్ని వస్తాయో వారికి అనుభవంలో తెలుసు.

0 నుంచి మొదలుపెట్టి 'కంటే తక్కువ' అని రాసే అలవాటుకు మరో సౌకర్యం ఉంది. డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1982లో రాసిన ఒక చిన్న నోట్‌లో దీన్ని వివరించారు. 0 ≤ ఐ < 80 అన్నప్పుడు పై హద్దులోంచి కింది హద్దు తీసేస్తే చుట్ల సంఖ్య నేరుగా వస్తుంది. ఒక ముక్క ఎక్కడ ముగిసిందో తర్వాతి ముక్క అక్కడే మొదలవుతుంది: 0 ≤ ఐ < 40, ఆ తర్వాత 40 ≤ ఐ < 80. మధ్యలో ఏ బెర్తూ తప్పిపోదు, ఏదీ రెండుసార్లు రాదు.

అసలు సమస్య: దారి ఖాళీయేనా?

ఇప్పుడు యార్డులోకి వెళ్లాలి. ఒక రూటులో అయిదు సెక్షన్లు ఉన్నాయి. సెక్షన్ ఖాళీ అయితే 0, రైలో వ్యాగనో ఉంటే 1. ఉదాహరణకు రెండో సెక్షన్‌లో వ్యాగన్ నిలిచి ఉంది.

రూటు = [ 0, 1, 0, 0, 0 ]

కొత్తగా నేర్చుకునేవారు తరచుగా రాసే ప్రోగ్రాం ఇదీ:

ఖాళీ = అవును
ఐ = 0; ఐ < 5 ఉన్నంతవరకు; ప్రతి చుట్టు చివర ఐ = ఐ + 1:
    రూటు[ఐ] = 1 అయితే, ఖాళీ = కాదు
    లేకపోతే, ఖాళీ = అవును
ఖాళీ విలువ చూపించు

చదివితే ఇందులో తప్పేమీ కనిపించదు. రైలు ఉంటే 'కాదు', లేకపోతే 'అవును'. కాగితం తీసుకుని ఒక్కో చుట్టూ రాస్తే గుట్టు తెలుస్తుంది. ఐ = 0 దగ్గర సెక్షన్ ఖాళీ, కాబట్టి విలువ 'అవును'. ఐ = 1 దగ్గర వ్యాగన్ ఉంది, విలువ 'కాదు' అయింది. ఇంతవరకు బాగానే ఉంది. ఐ = 2 దగ్గర సెక్షన్ ఖాళీ. 'లేకపోతే' పంక్తి పనిచేసి విలువను మళ్లీ 'అవును' చేసింది. వ్యాగన్ సంగతి ప్రోగ్రాం మరచిపోయింది. తర్వాతి రెండు చుట్లలోనూ 'అవును'. చివరి జవాబు: దారి ఖాళీ.

ఈ ప్రోగ్రాం అయిదు సెక్షన్లనూ చూస్తుంది, కానీ జవాబు చెప్పేటప్పుడు చివరి సెక్షన్ ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. ఇంతకంటే ఘోరం ఏమిటంటే, దీన్ని మామూలుగా పరీక్షించే పద్ధతుల్లో పట్టుకోలేం. అన్నీ ఖాళీగా ఇచ్చి చూస్తే 'అవును' అంటుంది, సరైనదే. అన్నీ నిండుగా ఇస్తే 'కాదు', అదీ సరైనదే. చివరి సెక్షన్‌లో ఒక్క రైలు పెట్టినా 'కాదు' అంటుంది. ల్యాబ్‌లో మూడు పరీక్షలూ నెగ్గి, రికార్డు పుస్తకంలో సంతకం కూడా పడిపోతుంది.

అయిదు సెక్షన్లకు రెండేసి స్థితులు. మొత్తం 2 × 2 × 2 × 2 × 2 = 32 అమరికలు. వాటిలో 'దారి ఖాళీ' అనాల్సింది ఒక్కటే, అన్నీ 0 ఉన్నది. పై ప్రోగ్రాం మాత్రం చివరి సెక్షన్ ఖాళీగా ఉన్న 16 అమరికలకూ 'ఖాళీ' అంటుంది. అంటే 15 తప్పులు. ఆ పదిహేనూ ఒకే దిక్కున ఉన్నాయి: ప్రమాదం ఉన్నప్పుడు లేదనడం. ఖాళీగా ఉన్న దారిని ఖాళీ కాదని చెప్పిన సందర్భం ఒక్కటీ లేదు.

దీనికి అద్దంలో బొమ్మలాంటి తప్పు ఇంకొకటి ఉంది. జవాబు తెలియగానే ఫంక్షన్ నుంచి బయటికి రావచ్చని నేర్చుకున్న విద్యార్థి ఇలా రాస్తాడు: 'రైలు ఉంటే కాదు అని చెప్పి ఆపు, లేకపోతే అవును అని చెప్పి ఆపు'. ఈ లూప్ ఒక్క చుట్టు కూడా పూర్తిగా తిరగదు. మొదటి సెక్షన్‌ను చూసి తీర్పు చెప్పేస్తుంది. ఇక్కడా తప్పులు 15 వస్తాయి.

రెండు పొరపాట్లకూ మూలం ఒకటే. "ఈ సెక్షన్ ఖాళీ" అనే మాటనూ "అన్ని సెక్షన్లూ ఖాళీ" అనే మాటనూ ఒకే వేరియబుల్‌లో కలిపేయడం. 'ఖాళీ కాదు' అనడానికి ఒక్క సాక్ష్యం చాలు. 'అంతా ఖాళీ' అనడానికి చివరిదాకా చూడక తప్పదు. కాబట్టి 'కాదు' అని తేలిన వెంటనే ఆగవచ్చు. 'అవును' అనే మాట మాత్రం లూప్ మొత్తం ముగిశాకే రావాలి. మొదటి ప్రోగ్రాంలో 'లేకపోతే' పంక్తిని కొట్టేస్తే చాలు, అది సరైపోతుంది.

ఇలాంటి తప్పును రాసేటప్పుడే పట్టుకునే మార్గం ఒకటి ఉంది. ప్రతి చుట్టు ముగిసేసరికి ఏ మాట నిజంగా ఉండాలో ఒక వాక్యంలో రాసుకోవాలి. ఇక్కడ ఆ వాక్యం: "ఇప్పటివరకు చూసిన సెక్షన్లన్నీ ఖాళీ అయితేనే 'ఖాళీ' విలువ అవును." దీన్ని లూప్ ఇన్వేరియంట్ అంటారు. రాబర్ట్ ఫ్లాయిడ్ 1967లో, హోర్ 1969లో ప్రోగ్రాంలు సరైనవని గణితపరంగా నిరూపించడానికి ఇటువంటి వాక్యాలనే పునాదిగా తీసుకున్నారు. తప్పు ప్రోగ్రాంను ఈ వాక్యంతో పోల్చితే ఐ = 2 దగ్గరే దొరికిపోతుంది. మూడు సెక్షన్లు చూశాం, ఒకదానిలో వ్యాగన్ ఉంది, విలువ 'అవును' అని ఉంది. వాక్యం అబద్ధమైంది.

ఖాళీ అర్రే ఏమంటుంది?

సరిచేసిన ప్రోగ్రాంలోనూ ఒక చిక్కు మిగిలి ఉంది. సెన్సర్ల నుంచి సమాచారం రాలేదు, అర్రేలో ఒక్క గదీ లేదు అనుకుంటే? లూప్ ఒక్కసారి కూడా తిరగదు. మొదట పెట్టిన 'అవును' అలాగే మిగులుతుంది. ఏమీ చూడకుండానే ప్రోగ్రాం దారి ఖాళీ అని చెప్పింది.

తర్కశాస్త్రం ప్రకారం ఇందులో తప్పు లేదు. ఏ సెక్షనూ లేనప్పుడు 'అన్ని సెక్షన్లూ ఖాళీ' అనే మాటను కాదనడానికి ఆధారం ఉండదు. గణితానికి ఇది సరిపోతుంది, రైలుకు సరిపోదు. రైల్వే సిగ్నలింగ్ ఈ ప్రశ్నను కంప్యూటర్లు రాకముందే మరోలా పరిష్కరించుకుంది.

ట్రాక్ సర్క్యూట్ పనితీరు చూడండి. పట్టాల ముక్కను మిగతా పట్టాల నుంచి విద్యుత్‌పరంగా వేరుచేస్తారు. ఒక చివర స్వల్ప విద్యుత్తు ఇస్తారు, రెండో చివర రిలే ఉంటుంది. ముక్క ఖాళీగా ఉంటే విద్యుత్తు పట్టాల గుండా రిలేను చేరి దాన్ని పైకి లేపుతుంది. రైలు వస్తే ఇనుప చక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనూ కలిపేస్తాయి, రిలేకు అందాల్సిన విద్యుత్తు అందదు, రిలే పడిపోతుంది. సరఫరా పోయినా, తీగ తెగినా రిలే పడిపోవాల్సిందే. అంటే 'సమాచారం లేదు' అన్నా, 'రైలు ఉంది' అన్నా అర్థం ఒక్కటే. ఖాళీ అని నిరూపణ అయితే తప్ప, రైలు ఉన్నట్టే లెక్క.

యాక్సిల్ కౌంటర్‌ది ఇంకో పద్ధతి. సెక్షన్‌లోకి ఎన్ని ఇరుసులు వెళ్లాయో, ఎన్ని బయటికి వచ్చాయో లెక్కిస్తుంది. బోగీకి నాలుగు చొప్పున 24 బోగీలకు 96, ఆరు ఇరుసుల ఇంజనుతో కలిపి 102. లోపలికి 102 వెళ్లి 98 బయటికి వస్తే సెక్షన్ ఖాళీ అయినట్టు కాదు. ఏదో ఒక బోగీ తెగి ఉండిపోయిందేమో!

ఈ ఆలోచనతో మళ్లీ రాస్తే ప్రోగ్రాం ఇలా ఉంటుంది:

ఖాళీలు = 0
ఐ = 0; ఐ < వచ్చిన సెక్షన్ల సంఖ్య; ప్రతి చుట్టు చివర ఐ = ఐ + 1:
    రూటు[ఐ] = 0 అయితే, ఖాళీలు = ఖాళీలు + 1
ఖాళీలు = 5 అయితే, దారి ఖాళీ
లేకపోతే, దారి ఖాళీ కాదు

అయిదు సెక్షన్లూ ఒక్కొక్కటిగా తాము ఖాళీ అని చెబితేనే అనుమతి. నాలుగింటి సమాచారమే వస్తే ఆ నాలుగూ ఖాళీ అయినా అనుమతి లేదు. అర్రే ఖాళీగా వస్తే ఖాళీలు 0, అనుమతి లేదు. అయితే ఆ 5 ఎక్కడి నుంచి వచ్చిందన్నది ముఖ్యం. దాన్ని కూడా వచ్చిన అర్రే పొడవు నుంచే తీసుకుంటే 0 = 0 అయి మళ్లీ మొదటికే వస్తుంది. ఆ అంకె రూట్ కంట్రోల్ చార్ట్ వంటి వేరే పత్రం నుంచి రావాలి.

నిజమైన ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ ఇంత సరళంగా ఉండదని కూడా చెప్పాలి. అక్కడ పాయింట్లు, ఎదురు రూట్లు, లెవెల్ క్రాసింగ్ గేట్లు అన్నీ కలిసిన తర్క సమీకరణాలుంటాయి. లోపలికి వచ్చే సంకేతాలన్నీ చదవడం, సమీకరణాలన్నీ లెక్కకట్టడం, ఫలితాలు బయటికి పంపడం, మళ్లీ మొదటి నుంచి చదవడం. ఈ లూప్‌కు మాత్రం ముగింపు ఉండదు. రెండు లేదా అంతకంటే ఎక్కువ ప్రాసెసర్లు అదే లెక్క విడివిడిగా చేసి సరిపోల్చుకునే ఏర్పాటు కూడా వీటిలో ఉంటుంది.

ప్రోగ్రాం ఒక్కటే సరిగ్గా ఉంటే చాలదని ఈ డివిజన్‌కు బాగా తెలుసు. 2023 జూన్ 2న బహనాగా బజార్ స్టేషన్‌లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మెయిన్ లైన్ బదులు లూప్ లైన్‌లోకి వెళ్లి, అక్కడ ఆగి ఉన్న గూడ్సు రైలును ఢీకొంది. 290 మందికి పైగా చనిపోయారు. ఆ స్టేషన్ ఖరగ్‌పూర్ డివిజన్‌లోనిదే. అక్కడ తప్పింది ప్రోగ్రాంలోని లూప్ కాదు. సిగ్నలింగ్ సర్క్యూట్లలో మార్పులు చేసినప్పుడు జరిగిన లోపాలే కారణమని రైల్వే సేఫ్టీ కమిషనర్ విచారణలో తేలింది. లోపలికి వచ్చే సంకేతం నేలమీది నిజాన్ని చెప్పనప్పుడు, ఎంత చక్కగా రాసిన లూప్ అయినా తప్పు జవాబే ఇస్తుంది.

మొదటి విలువ, జరిగిపోయే గదులు

ఇలాంటివే మరో రెండు చిక్కులు. రైళ్లు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చాయో అర్రేలో ఉంది, అన్నిటికంటే ఎక్కువ ఆలస్యం కావాలి. చాలామంది 'గరిష్ఠం = 0' అని మొదలుపెడతారు. ఆ రోజు అన్ని రైళ్లూ వేళకు ముందే వచ్చాయనుకోండి (అరుదే, అయినా అనుకోవచ్చు): −4, −7, −2. ఏదీ 0 కంటే పెద్దది కాదు కాబట్టి జవాబు 0 వస్తుంది. ఆ అర్రేలో 0 అసలు లేనే లేదు. మొదటి విలువను అర్రే మొదటి గది నుంచే తీసుకుని, ఇండెక్స్ 1 నుంచి లూప్ నడిపితే −2 వస్తుంది.

రెండోది, లూప్ నడుస్తుండగానే అర్రేను మార్చడం. పైథాన్ లిస్టులో [4, 0, 0, 7] ఉంది, సున్నాలు తీసేయాలి. ఇండెక్స్ 1 దగ్గరి సున్నాను తీయగానే లిస్టు [4, 0, 7] అవుతుంది. రెండో సున్నా ముందుకు జరిగి ఇండెక్స్ 1కి వచ్చింది, లూప్ మాత్రం 2కి వెళ్లిపోయింది. ఆ సున్నా తప్పించుకుంది. రేక్ మధ్యలో బోగీ తీస్తే వెనుకవన్నీ ఒక్కో చోటు ముందుకు జరిగినట్టే ఇది. చివరి నుంచి మొదటికి నడిస్తే జరిగే గదులన్నీ అప్పటికే చూసినవై ఉంటాయి కాబట్టి ఇబ్బంది ఉండదు. కావాల్సినవాటిని కొత్త లిస్టులో పెట్టుకోవడం అంతకంటే తేలిక.

వేగం సంగతికొస్తే, చిన్న అర్రేలకు దాని గురించి ఆలోచించనక్కర్లేదు. 2022లో ఐఐటీ ఖరగ్‌పూర్‌లో మొదలైన పరమ్ శక్తి సూపర్ కంప్యూటర్ సామర్థ్యం 1.66 పెటాఫ్లాప్స్, అంటే సెకనుకు దాదాపు 1,66,000 వేల కోట్ల లెక్కలు. ఇలాంటి యంత్రాల మీద వాతావరణం, ద్రవ ప్రవాహాల వంటి లెక్కల్లో పెద్ద పెద్ద రెండు, మూడు కొలతల అర్రేలు వాడతారు. సీలో రెండు కొలతల అర్రే అడ్డువరుసల చొప్పున మెమరీలో ఉంటుంది. అడ్డువరుస వెంట నడిచే లూప్ పక్కపక్క గదులను చదువుతుంది. నిలువు వెంట నడిస్తే ప్రతిసారీ ఒక వరుస దూరం దూకాలి. జవాబు ఒకటే వస్తుంది, సమయం చాలా ఎక్కువ పట్టవచ్చు. ఫోర్ట్రాన్‌లో అమరిక దీనికి తిరగేసి ఉంటుంది.

సాధనకు

పైన చెప్పిన అయిదు సెక్షన్ల ప్రోగ్రాం మూడు రూపాలనూ (చివరిది నమ్మేది, మొదటిది నమ్మేది, ఖాళీలు లెక్కించేది) రాసి, 32 అమరికలనూ మరో లూప్‌తో వాటికి ఇచ్చి, ఒక్కొక్కటి ఎన్నిసార్లు తప్పు చెప్పిందో లెక్కించండి. 15, 15, 0 రావాలి. తర్వాత సెక్షన్ల సంఖ్యను 5 నుంచి 10కి పెంచండి. అమరికలు 1024 అవుతాయి, మొదటి రెండు ప్రోగ్రాంల తప్పులు 511కి చేరతాయి. అర్రేను ఖాళీగా కూడా ఒకసారి ఇచ్చి చూడండి.

ఇంకొకటి బెర్తుల మీద. స్లీపర్ బోగీలో ప్రతి ఎనిమిది బెర్తులకు ఒక వరుసక్రమం ఉంటుంది: నంబరును 8తో భాగిస్తే శేషం 1 లేదా 4 అయితే కింది బెర్తు, 7 అయితే సైడ్ లోయర్, 0 అయితే సైడ్ అప్పర్. 80 బెర్తుల అర్రే ఇచ్చినప్పుడు ఖాళీగా ఉన్న కింది బెర్తుల నంబర్లు మాత్రమే చూపించే లూప్ రాయండి. బోగీ మొత్తం ఖాళీ అయితే 20 నంబర్లు రావాలి. 1 బదులు 0 కనిపించినా, 76 దగ్గర 75 వచ్చినా, ఇండెక్స్‌నే బెర్తు నంబరు అనుకున్నారన్నమాట.